పెరట్లో చేసిన వైరింగ్

మొన్న మిర్యాలగూడలో నా దుకాణం ముందు ఒకాయన పాత మోటార్‌సైకిల్ ఆపి సీటు ఎత్తగానే, మాడిన వైరు తొడుగు వాసన గుప్పుమంది. గొంతులో గీరుకునే వాసన అది. అది ముక్కుకు తగిలితే చాలు, కోదాడలో మా అత్తగారింటి పెరడు, అక్కడ గోనెసంచి పరుచుకుని బండి పక్కన గొంతుక్కూర్చున్న మా మామ లింగయ్య కళ్లముందుకు వస్తారు. పాత బండ్ల లైట్లు, హారన్లు, వైరింగ్ బాగుచేసే ఈ పనిని నాకు నేర్పింది ఆయనే. ఈ పని మీదే బతుకుతున్నాను. అయినా ఆయనను తలుచుకుంటే నాకు ముందు వచ్చేది కోపమే.

నేను సూర్యాపేటలో పుట్టిపెరిగాను. పెళ్లయి కోదాడ వచ్చేనాటికే మామకు బండ్ల కరెంటు పనిలో గట్టి పేరుంది. ముందు గది దుకాణం, వెనక ఇల్లు. పని ఎక్కువున్న బండ్లను పక్క సందులోంచి పెరట్లోకి తోసుకొచ్చేవారు. మా ఆయన రైసుమిల్లులో పనికి పోయేవాడు. మరిది రమేశ్ దుకాణం ముందు కూర్చుని వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పేవాడు. షుగర్ వల్ల మామకు చూపు తగ్గుతోందని ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నన్ను పిలిచారు. “సుజాతా, జర గీడికి రా. ఈ వైరు ఎర్రదా, గోధుమ రంగా?” అన్నారు. “గోధుమ రంగు మామా. మీద తెల్లగీత కూడా ఉంది” అన్నాను. “గీత గూడ కనబడుతుందా నీకు!” అని నవ్వారు. ఆ నవ్వు వెనక ఉన్న బాధ నాకు ఆనాడు తెలియలేదు.

అలా రంగులు చెప్పడంతో మొదలైంది. చెబుతూ చెబుతూ, ఈ వైరు ఎక్కడికి పోతుంది, ఎందుకు పోతుంది అని అడగడం మొదలుపెట్టాను. ఆయన విసుక్కోలేదు. నేరేడుచర్ల నుంచి ఒక రైతు బండి వచ్చింది. ఎన్ని బల్బులు మార్చినా హెడ్‌లైటు మాడిపోతోందట. నేను కొత్త బల్బు తీయబోతే మామ చెయ్యి పట్టుకుని ఆపారు. “బుగ్గ మార్చుడు ఎవనికైనా వస్తది. అది ఎందుకు సచ్చిందో చూడు. దానికి కరెంటు యాడికెళ్లి వస్తుందో గాడికెళ్లి చూసుకుంట రా” అన్నారు. ఇంజను ఆన్ చేసి యాక్సిలరేటర్ తిప్పమన్నారు. మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ ఎగబాకుతూనే ఉంది. దాన్ని అదుపులో పెట్టాల్సిన రెగ్యులేటర్ పోయింది. ఇండికేటర్ వేస్తే వెనకలైటు కూడా కొట్టుకుంటుంటే ఎర్త్ సరిగా అందడం లేదని, బ్రేకు తొక్కినప్పుడే ఫ్యూజ్ పోతుంటే ఆ దారిలోనే వైరు ఎక్కడో ఒరుసుకుపోయిందని, ఒక్కొక్కటే చూపించి నాచేత చేయించి నేర్పారు. మా నాన్న కూడా నాకు అంత ఓపికగా ఏదీ నేర్పలేదు. నేను సరిగా చేసిన రోజున “శాబాష్ బిడ్డా” అనేవారు. ఆ మాట పెరడు దాటి ఎప్పుడూ బయటికి పోలేదు.

చిలుకూరు నుంచి పాలు తెచ్చి పోసే ఒకాయన ఉండేవాడు. తెల్లవారకముందే కాలువగట్టు మీద బండి నడపాలి. మలుపు దగ్గరికి రాగానే లైటు ఆరిపోయి, క్యాన్లతో సహా గట్టు దిగువన పడ్డాడు. మోచేయి విరిగింది. ఆయన ముందు చూపించిన మెకానిక్‌లంతా, గతుకుల వల్ల అదిరి ఆరిపోతోందని చెప్పి కొత్త స్విచ్ వేశారు, కొత్త బల్బు వేశారు. బండి మా పెరట్లోకి వచ్చాక నేను లైటు వేసి హ్యాండిల్‌ను మెల్లగా ఎడమకు తిప్పాను. ఆరింది. నిటారుగా పెడితే వెలిగింది. హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్ట విప్పితే, లోపల ఒక వైరు నలిగి నలిగి ఒక్క పోగు మీద నిలిచి ఉంది. దాన్ని అతికి, తొడుగు వేసి, మెడకు ఒరుసుకోకుండా కట్టాను. కొన్నాళ్లకు ఆయన చేతికట్టుతోనే జున్నుపాలు పట్టుకుని వచ్చాడు. “పానం నిలబెట్టిండ్రు లింగన్నా. ఎవరు చేసిండ్రు?” అని అడిగాడు. నేను టీ గ్లాసులతో తలుపు వెనకే ఉన్నాను. “మా చిన్నోడే” అన్నారు మామ. రమేశ్ తల వంచుకుని, కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

అన్నం వడ్డిస్తూ అడిగాను. “అది నేను చేసిన కదా మామా?”

“నువ్వే చేసినవ్. కాదన్ననా?” అన్నారు. “ఆడిమనిషి చేసిందంటే రేపు బండి తెచ్చేటోడు ఉంటడా?”

“ఒక్కపారి చెప్పి చూడొచ్చు కదా.”

ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచారు. జున్ను ఇంట్లో అందరూ తిన్నారు. నేను ముట్టలేదు.

చూపు మరీ తగ్గాక, బంధువులను కూర్చోబెట్టి దుకాణం తాళాలు రమేశ్ చేతిలో పెట్టారు. మా ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అందరూ వెళ్లాక నేను మామ ముందు నిలబడి “నాకేం లేదా?” అన్నాను. ఆయన కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పారు. “నీకు పని వచ్చు బిడ్డా. నువ్వు యాడున్నా బతుకుతవ్. వానికి పని రాదు. దుకాణం గూడ లేకుంటే వాడెట్ల బతుకుతడు? నువ్వు ఎప్పటిలెక్కనే ఎనక చేసుకుంట ఉండు.” పని నేర్చుకున్నందుకే నాకు దుకాణం దక్కలేదన్నమాట. ఆ నెలలోనే మా ఆయనను ఒప్పించి మిర్యాలగూడ వచ్చేశాను. ఆయన ఇక్కడి మిల్లులో చేరాడు. నేను రోడ్డు వైపు తెరుచుకునే గది కిరాయికి తీసుకుని, ఎండలో, అందరూ చూస్తుండగా పని మొదలుపెట్టాను. మొదట్లో నిలబడి నవ్వి పోయేవారు. తర్వాత బండ్లు వచ్చాయి.

కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం మామ తోవ అడుక్కుంటూ నా దుకాణానికి వచ్చారు. సంచిలో ఒక పాత బండి వైర్ల కట్ట ఉంది. రమేశ్ దాన్ని విప్పాడట, మళ్లీ కలపడం చేతకాలేదట. “ఇది కొద్దిగ చెయ్యి” అన్నారు. మంచినీళ్లిచ్చి పనిలో కూర్చున్నాను. బండి కోసం వచ్చిన ఒకాయన, “ఎవరు పెద్దాయనా, ఈమెకు ఏమైతవ్?” అని అడిగాడు. నా చెయ్యి ఆగిపోయింది. “మా కోడలు, నేనే పని నేర్పిన” అంటారని ఎదురుచూశాను. “ఏం కాను. పని చేయించుకపోదామని వచ్చిన” అన్నారు మామ. కొడుక్కు పని రాదన్న మాట బయటపడకుండా ఉండాలంటే, ఆయనకు నేను ఏమీ కాకూడదు. పని అయ్యాక ఆయన ఒక్కో అతుకునూ వేళ్లతో తడిమి చూశారు. తప్పు దొరకలేదు. దొరికి ఉంటే ఆ మాటైనా మాట్లాడేవారేమో. కట్టను సంచిలో పెట్టుకున్నారు. బస్సెక్కించి వచ్చాను.

ఆయన పోయినప్పుడు కోదాడ వెళ్లాను. “పోతపోత చిన్నకొడుకుకు విద్య ఇచ్చిపోయిండు” అని జనం అనుకుంటుంటే, రమేశ్ నా వైపు చూడలేక పందిరి బయటికి నడిచాడు. శవం ముందు ఆ లెక్క తేల్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు నా దుకాణానికి వచ్చేవాళ్లు అప్పుడప్పుడు, “ఈ పని ఎవరు నేర్పిండ్రమ్మా?” అని అడుగుతారు. “కోదాడ లింగయ్య. మా మామ” అని గట్టిగా, వీధిలోకి వినబడేలా చెబుతాను. ఆయన మీద మనసు కరిగి చెప్పే మాట కాదది. ఆయన నేర్పారన్నది నిజం. నిజాన్ని నోరు తెరిచి చెప్పడం ఇంత తేలికైన పని అని ఆయనకు చూపించాలనిపిస్తుంది. చూడ్డానికి ఆయన లేరు. నేను మాత్రం ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను.