ఎంటర్ మీద స్టిక్కర్

కరెంటు మీద ఒట్టు వేద్దామనుకున్నాను. కానీ మా హనుమకొండలో అది సగం రోజు ఉండదు, లేనిదాని మీద ఒట్టు చెల్లదు. అందుకని మా అమ్మ మీద ఒట్టు. ఇది జరిగింది. నాకే జరిగింది. నేను తాగి లేను. ఆ నెల జీతం రాలేదు కాబట్టి ఈ ఒక్క మాటైనా మీరు నమ్మొచ్చు.

ముందు సదానందం అన్న గురించి చెప్పాలి.

మాది సైకిల్ షాపు పైన కంప్యూటర్ సెంటర్. ఒక గది, ఒక మెషీన్, ఒక ప్రింటర్, ఫీజు కట్టని స్టూడెంట్లు. అన్న పాఠం చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని కీబోర్డు కొట్టేవాణ్ని. సెలవొస్తే ఇద్దరం మెషీన్ మోసుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. యూజర్స్ క్లబ్ అని పెట్టుకున్నాం. ఎవరు పిలిస్తే వాళ్ల ఊళ్లో మీటింగు. మానిటర్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే కండక్టర్ వంగి చూసి, "పిల్లగానికి జరమొచ్చిందా?" అని అడిగేవాడు. నెక్కొండలో దీంట్లో సినిమా వస్తదా అని అడిగారు. రాదంటే సగం మంది లేచిపోయారు. ఏటూరునాగారంలో అసలు కరెంటే లేదు. అన్న ఆరిపోయిన స్క్రీన్ ముందు నిలబడి, "ఇగో, ఈడ అక్షరం వస్తది... ఇగో, ఇట్ల కదులుతది..." అని చెప్పుకుంటూ పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఏమీ చూడకుండానే.

అదీ ఆ గొంతు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది.

ముందు గొంతు బొంగురుపోయింది. తర్వాత గాలి మాత్రమే మిగిలింది. కోసి తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీశాక ఇక మాట ఉండదన్నారు. మాట లేని మాస్టరుకు మా సెంటర్లో పనేముంది? మా ఓనర్ చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే కొత్త మాస్టరు కోసం పేపర్లో ప్రకటన ఇచ్చాడు.

ఒక్కటే ఆశ మిగిలింది. అన్న ఏళ్ల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాం. తెలుగు అక్షరాలను ప్రింటర్ మీద అచ్చు వేసే ప్రోగ్రాం. ఒత్తులతో, గుడులతో సహా. మొదటిసారి 'లక్ష్మి' అని సరిగ్గా పడిన రోజు అన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రిబ్బన్ అరిగిపోయిందని నేనూ పెట్టుకున్నాను. హైదరాబాద్ యూజర్స్ క్లబ్ మీటింగ్‌కు ఒక కంపెనీ పెద్దమనిషి వస్తానన్నాడు. ప్రోగ్రాం తన కళ్ల ముందు నడిస్తే అన్నకు ఉద్యోగం ఇస్తానన్నాడు. కూర్చుని కోడ్ రాసే ఉద్యోగం. నోరు అక్కర్లేనిది.

ఆదివారం మీటింగు. సోమవారం ఆపరేషన్. అన్న దవాఖానలో ఉన్నాడు. ఫ్లాపీ పట్టుకుని నేను పోవాలి.

శనివారం మధ్యాహ్నం దవాఖానలో అన్న నా చెవి దగ్గరకు వచ్చి ఊదాడు. మాట్లాడాడు అనలేను. ఊదాడు.

"కాపీ తీస్కోని పో. బస్సుల ఒకటి పోతె ఇంకోటుండాలె. స్టిక్కర్ మాత్రం పీకకు."

అప్పటిదాకా కాపీ ఎందుకు లేదంటారా? ఉండేది. వానాకాలంలో బూజు పట్టింది. ఇంకోటి ఎండకు అప్పడమైంది. ఇక స్టిక్కర్ సంగతి. ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉంటుంది. దాని మీద వెండి రంగు స్టిక్కర్ అంటిస్తే ఆ ఫ్లాపీని చదవొచ్చు గానీ దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు. తీసేస్తే ఎవరైనా రాయొచ్చు. అన్న తన ఫ్లాపీకి తన బొటనవేలితో ఒత్తి మరీ అంటించాడు. ఇది గుర్తుంచుకోండి.

సాయంత్రం సెంటర్‌కు వెళ్లాను. పొద్దు గూకుతోంది. కింద సైకిల్ షాపు ఖాజా చాచా ట్యూబుకు పంక్చర్ వేస్తున్నాడు.

"ఏంది శీను, ఒక్కనివే? సార్‌కు ఎట్లున్నది?"

"ఎల్లుండి కోస్తరట చాచా."

"ఫికర్ చెయ్యకు బేటా, పైవాడున్నడు. మెట్ల మీద జర పైలం. సున్నం ఏసిండ్రు, పచ్చిగున్నది."

మెట్లెక్కాను. గది బయట చెప్పులు విడిచాను. అది మా అన్న పెట్టిన రూలు. దుమ్ము పోతే మెషీన్ చస్తదంటాడు. గుడి ముందైనా చెప్పులు ఎవడైనా ఎత్తుకుపోతాడు, మా గది ముందు ఎవడూ ముట్టడు. అంత భక్తి. ఆ సాయంత్రం గడప ముందు ఒక్క జతే ఉంది. నాదే. బాగా చూశాను.

మెషీన్‌కు ఫ్లాపీ పెట్టే డ్రైవ్ ఒక్కటే. కాబట్టి కాపీ తీయడమంటే... పాతది పెట్టమంటుంది. కొంత చదువుకుంటుంది. తీసి కొత్తది పెట్టమంటుంది. అందులో రాస్తుంది. మళ్లీ పాతది. మళ్లీ కొత్తది. పిల్లాడికి అన్నం తినిపించినట్టు, ముద్ద ముద్దగా. మనం ఏమరుపాటుగా ఒకదాని బదులు ఒకటి పెట్టామా, కొత్తదానిలోని శూన్యం పోయి పాతదాని మీద కూర్చుంటుంది. అందుకే స్టిక్కరు.

సగం అయింది.

కరెంటు పోయింది.

ఫ్యాన్ నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ఆగింది. నేను డ్రైవ్‌లో ఉన్నదాన్ని కూడా బయటికి తీశాను. మా ఊళ్లో కరెంటు పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు ఎక్కువై కొడుతుంది, లోపలున్న ఫ్లాపీ చెడుతుంది. పాతది టేబుల్‌కు ఎడమ వైపు. కొత్తది కుడి వైపు. తడిమి చూశాను. పాతదాని మీద స్టిక్కర్ వేలికి తగిలింది. ఉంది. అప్పటికి ఉంది.

కిటికీ దగ్గర నిలబడ్డాను. వీధంతా చీకటి. కింద చాచా లాంతరు వెలిగిస్తూ కరెంటాఫీసు వాళ్ల వంశాన్ని ఉర్దూలో తలుచుకుంటున్నాడు. మంచి ఉర్దూ. నవ్వొచ్చింది.

అప్పుడు...

నా వెనకాల...

టక టక.

టక.

నేను తిరగలేదు. బల్లి అనుకున్నాను. బల్లులకు టైపింగ్ రాదని నాకు తెలుసు, అయినా అనుకున్నాను.

టక టక... టక... ధన్.

ఆ ధన్ నాకు తెలుసు. అన్న రెండే వేళ్లతో కొడతాడు. రెండు కొట్టి, ఆగి, ఆలోచించి, ఇంకోటి కొడతాడు. చివర ఎంటర్‌ను మాత్రం తాసీల్దార్ ఆఫీసులో ముద్ర గుద్దినట్టు గుద్దుతాడు. అదేందన్నా అంటే, "మిషిన్‌కు మనమంటే భయముండాలె శీను" అనేవాడు.

తర్వాత డ్రైవ్ చప్పుడు. గర్ర్... గర్ర్... ఆగింది. డ్రైవ్ మూత తీసిన చప్పుడు. టప్. ఫ్లాపీ జారిన చప్పుడు. మూత వేసిన చప్పుడు. టప్. మళ్లీ ధన్. మళ్లీ గర్ర్...

తిరిగాను. ఏమీ కనిపించలేదు. స్క్రీన్ చీకటి. డ్రైవ్ మీద ఎర్ర లైటు లేదు. ఫ్యాన్ ఆగే ఉంది. కరెంటు లేకుండా నడిచే మెషీన్ ఉంటే మా ఓనర్ ఎప్పుడో కొనేవాడు. కానీ చప్పుడు ఉంది. నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది.

నేను చెయ్యి చాపలేదు.

"అన్నా?" అన్నాను.

ఆగింది.

మెల్లగా ఒక గాలి... నా చెవి పక్కన. మధ్యాహ్నం దవాఖానలో ఊదినట్టే. ఈసారి అందులో మాట లేదు. లేక ఉందేమో, నాకు అర్థం కాలేదేమో.

నాకు హనుమాన్ చాలీసా రాదు. ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కంలో తప్పాను. చిన్నప్పుడూ అక్కడే తప్పేవాణ్ని. దాంతో కొంచెం ధైర్యం వచ్చింది, ఇంకా నేను నేనే అని.

ధన్.

చివరిసారి. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఫ్లాపీలు పెట్టినచోటే ఉన్నాయి. పాతది ఎడమ, కొత్తది కుడి. హమ్మయ్య అనుకుని గుమ్మం వైపు చూశాను.

గడప ముందు రెండు జతలు.

ఒకటి నాది. రెండోది... ఎడమ చెప్పుకు పట్టీ తెగితే పాత కేబుల్‌లోంచి లాగిన రాగి తీగతో కట్టిన జత. వరంగల్ మొత్తంలో అలాంటి చెప్పులు వేసుకునే మనిషి ఒక్కడే. లైటు పడి ఆ తీగ మెరిసింది. అంత స్పష్టంగా చూశాను.

వెనక మెషీన్ 'బీప్' అంది. ఉలిక్కిపడి అటు తిరిగాను. మళ్లీ ఇటు తిరిగాను.

ఒక్కటే జత. నాది.

మీరైతే పరుగెత్తేవాళ్లు. నేనూ పరుగెత్తేవాణ్నే, కాళ్లు ఒప్పుకోలేదు. అందుకని కూర్చుని పాత ఫ్లాపీ పెట్టి చూశాను. ఫైళ్ల పేర్లన్నీ వరుసగా వచ్చాయి. ప్రాణం లేచి వచ్చింది. ప్రోగ్రాం నడిపాను. నడవలేదు. ప్రింటర్ ఒక తెల్ల కాగితాన్ని మర్యాదగా బయటికి తోసింది. కొత్తది పెట్టాను. అదే పేర్లు. అదే తెల్ల కాగితం.

సగం కాపీలో అంతే. పేర్లు ముందుగా వచ్చేస్తాయి, లోపలి సరుకు రాదు. కొత్తది అలా ఉండడం న్యాయం. పాతది అలా కావాలంటే దారి ఒక్కటే. ఎవరో కూర్చుని, ఆ సగం కాపీని తెచ్చి దీని మీద మొదటి నుంచి చివరి దాకా రాయాలి. దానికి కరెంటు కావాలి. చేతులు కావాలి. ముందుగా స్టిక్కర్ పీకాలి.

స్టిక్కర్ ఫ్లాపీ మీద లేదు. కింద వెతికాను. టేబుల్ కింద వెతికాను.

ఎంటర్ మీద ఉంది. కీబోర్డులో ఎంటర్ మీట మీద. నాలుగు మూలలూ సాపుగా, బొటనవేలితో ఒత్తి అంటించినట్టు.

తర్వాతెప్పుడో ఇంజినీరింగ్ చదివిన మా బావకు చెప్పాను. ఎండాకాలం, బంక కరుగుతుంది, స్టిక్కర్ నీ వేలికి అంటుకుంటుంది, అదే వేలితో ఎంటర్ నొక్కుతావు, అంతే. ఇలా తేల్చాడు. మరి నాలుగు మూలలూ అంత సాపుగా ఎట్లా అంటుకుంది బావా అంటే, నువ్వు పెళ్లి చేసుకో అన్నాడు.

ఆ సాయంత్రం అట్లాగే కిందికి దిగాను. చాచా తలెత్తాడు.

"సార్ దవాఖానల ఉన్నడంటివి గద? గిప్పుడే దిగి పోయిండు. సలాం చేస్తే పలుకలే."

"చూసినవా చాచా? మొకం చూసినవా?"

"చీకట్ల మొకమేడ కనవడతది? నడక చూసి అనుకున్న. ఏమైంది?"

ఆటో పట్టుకుని దవాఖానకు పోయాను. అన్న మంచం మీద ఉన్నాడు. నిద్రలో ఉన్నాడు. సరోజన వదిన పక్కన కూర్చుని విసురుతోంది.

"వదినా, అన్న ఇప్పుడు బయటికి పోయిండా?"

"ఏడికి పోతడు శీను? సూదిచ్చిండ్రు. గప్పటి సంది గిట్లనే పండుకున్నడు." విసరడం ఆపింది. "నేను జర చాయ్‌కి పోయిన గంతే. గింతల ఏడికి పోయొస్తడు?"

మంచం కింద రాగి తీగ చెప్పులు ఉన్నాయి. ఒకటి తిరగేశాను. అడుగున సున్నం. పచ్చిగా, తెల్లగా.

వదిన చెంగు చూపించింది. "పొద్దంత ఈడ సున్నమే ఏసిండ్రు. రేపు మినిస్టర్ వస్తాండట. నా చీరకు సుత అంటింది, చూడు."

మా రాష్ట్రంలో దయ్యాన్ని కూడా ప్రశాంతంగా నమ్మనివ్వరు.

అప్పుడు చూశాను. దుప్పటి మీద అన్న కుడిచెయ్యి. నిద్రలోనే... రెండు వేళ్లు లేచి పడ్డాయి. ఆగాయి. ఒక వేలు. తర్వాత అరచెయ్యి మొత్తం మంచం పట్టెమీద పడింది.

ధన్.

ఆదివారం హైదరాబాద్ పోయాను. పోకుండా ఏం చేస్తాను? ఏసీ హాలు, కరెంటు, మైకు, అన్నీ ఉన్నాయి. స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు. ఏటూరునాగారంలో అన్న చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాను. "ఇక్కడ అక్షరం వస్తుందండీ... ఇట్లా కదులుతుందండీ..." ఆ పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గొంతు తేడా.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. అంటే, మాట పోయింది.

ఇప్పుడు అన్న బస్టాండు రోడ్డులో బామ్మర్ది కిరాణా షాపులో తూకం వేస్తున్నాడు. మళ్లీ రాద్దామన్నా, నేను కొడతాను, నువ్వు చూపించు అని ఒకసారి కొత్త ఫ్లాపీ తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకున్నాడు. తర్వాతి వారం వెళ్తే దాన్ని మంచినీళ్ల గ్లాసు మీద మూత పెట్టుకున్నాడు.

మొన్న షాపులో ఎవరూ లేరు. ధైర్యం చేసి అడిగేశాను.

"అన్నా, ఒక్కటే చెప్పు. ఏమనుకోకు. ఆనాడు చీకట్ల సెంటర్‌కొచ్చింది నువ్వేనా?"

అన్న తక్కెడ ఆపాడు. నన్ను చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. చెయ్యెత్తి, చూపుడు వేలు నా వైపు పెట్టాడు. కనుబొమలు ఎగరేశాడు.

దాన్ని చెరిపింది నువ్వు కాదా... అని.

ఇన్నాళ్లూ ఆయన కూడా అదే అడగాలని కూర్చున్నాడు. అడగడానికి గొంతు లేదు.

నేను కాదన్నాను. కాదనే అనుకుంటున్నాను. ఆ చీకట్లో నా చేతులు నా దగ్గరే ఉన్నాయి. నాకు గుర్తున్నంత వరకు.

అన్న తల ఊపి మళ్లీ తూకంలో పడ్డాడు. ఊరికే నిలబడితే బాగుండదని పావుకిలో చక్కెర కట్టించుకుని వచ్చేశాను. మా ఇంట్లో చక్కెర అయిపోలేదు.