బ్యాటరీ అరలో రెండు చుక్కలు

మంగళవారం ఉదయం ప్రదీప్‌కుమార్ తెరిచిన మూడో పెట్టెలో, పియానో మెట్ల సందుల్లో కాలిగోళ్లు దొరికాయి. కత్తిరించిన గోళ్లు, పెద్దమనిషివి, మొత్తం ఏడు. ఎవరో ఆ పియానో మీద పాదం ఆనించి తీరిగ్గా గోళ్లు తీసుకుని, ఆ తర్వాత 'శబ్దం నచ్చలేదు' అని కారణం రాసి వాపసు పంపారు. ప్రదీప్‌కుమార్ వాటిని పట్టకారుతో ఏరి, కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేశాడు. చేతులు కడుక్కొచ్చి పని మొదలుపెట్టాడు.

ఆన్‌లైన్లో కొని జనం వద్దనుకున్న సరుకు హౌరా దాటాక హైవే పక్కనున్న ఆ గోదాముకి చేరుతుంది. మిక్సీలకి ఒక బల్ల, ఫోన్లకి మూడు బల్లలు, కీబోర్డులకీ డిజిటల్ పియానోలకీ కలిపి ఒకటి. ఆ ఐదో బల్ల ప్రదీప్‌కుమార్‌ది. వచ్చినదాన్ని పరీక్షించి స్టిక్కరు అంటించడం అతని పని. ఏ అంటే కొత్తదానితో సమానం, మళ్లీ కొత్తదిగానే అమ్ముతారు. బీ అంటే ధర తగ్గిస్తారు. సీ అంటే తుక్కు. నాలుగేళ్లలో ఆ బల్ల మీద అతను ఆవనూనె వేలిముద్రలు చూశాడు, పసిపిల్లల ఉచ్చ చూశాడు, స్పీకరు జాలీలో ఎండిన అన్నం మెతుకులు చూశాడు. ఒకసారి నల్లమెట్ల వెనక బొద్దింక గుడ్లు వరసగా అతుక్కుని ఉన్నాయి. ఇవన్నీ పంపినవాళ్లు రాసిన కారణం ఎప్పుడూ ఒక్కటే, శబ్దం నచ్చలేదని.

అతనికి నలభై నాలుగేళ్లు. తాత గవరయ్య సోంపేట దగ్గర్నుంచి వచ్చి కలకత్తాలో కిదిర్‌పూర్ రేవులో బస్తాలు మోశాడు. తండ్రి అదే రేవులో క్రేన్ల కింద సరుకుకి తాళ్లు బిగించేవాడు. ప్రదీప్‌కుమార్ వాట్‌గంజ్‌లో పుట్టి, రేవు కూలీల లైన్లలోని భజనమందిరం హార్మోనియం మీద వేళ్లు తిప్పడం నేర్చి, ఇరవై ఏళ్లు పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించాడు. పెళ్లిళ్లకి పాటలు పెన్‌డ్రైవులో రావడం మొదలయ్యాక బ్యాండు పోయింది. కీబోర్డు తెలిసిన మనిషి కావాలని గోదాము వాళ్లంటే చేరాడు.

ఒక్కో పియానోకి ఇరవై రెండు నిమిషాలు తీసుకునేవాడు. ముందు కరెంటు ఇవ్వకుండానే మెట్లన్నీ నొక్కి చెక్క చప్పుడు వినేవాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాయించేవాడికి వినబడని ఆ టకటకే కింది వాటాలో ఉన్నవాళ్లకి వినబడుతుంది. తర్వాత కరెంటు ఇచ్చి ఒక్కో మెట్టునీ మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా నొక్కేవాడు. ఎడమవైపు మెట్లు కాస్త బరువుగా, కుడివైపు తేలిగ్గా ఉన్నాయో లేదో చూసేవాడు. చివర ఒక పెళ్లిపాట నిదానంగా వాయించేవాడు.

"ప్రదీప్‌దా, చెక్ చెయ్యమంటే కచేరీ పెడతన్నావేటి?" అనేవాడు సూపర్‌వైజర్ యోగేశ్. ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాడు, ముప్ఫై ఏళ్లు లేవు. "పక్క బల్ల మీద మిక్సీకి రెండు నిమిషాలు పడతాది."

"మిక్సీకి ఎనభై ఎనిమిది మెట్లున్నాయేట్రా?"

ప్రదీప్‌కుమార్‌కి ఇంకో అలవాటు ఉంది. చూసిన పియానో అడుగున బ్యాటరీ అర మూత తీసి లోపల పెన్సిలుతో ఒక చుక్క పెడతాడు. చూసిందే మళ్లీ చూడకుండా ఉండడానికి పెట్టుకున్న గుర్తు అది. దాని సంగతి యోగేశ్‌కి తెలియదు.

మార్చిలో ఒక పియానో వచ్చింది. పెట్టె విప్పగానే కంపుకి ముక్కు పగిలింది. వెనక రేకు తీస్తే మెట్ల కింద ఎలుక గూడు. చింపిన కాగితం, పెంటికలు, పచ్చగా ఎండిన ఉచ్చ చారలు. ఏసీ గదిలో అన్ని మెట్లూ పలికాయి. కానీ మెట్ల కింద ఉండే రబ్బరు పట్టీకి ఆ ఉప్పు పట్టింది. పొడిగా ఉన్నంతసేపూ పలుకుతుంది, తేమ తగిలితే మూగబోతుంది. తేమ లేని ఇల్లు కలకత్తాలో లేదు. సీ అంటించి, చుక్క పెట్టి తుక్కులోకి తోశాడు.

జూన్‌లో అది తిరిగి అతని బల్ల మీదికే వచ్చింది. ఈసారి గులాబీ వాసన వేసింది. గులాబీ కింద ఎలుక వాసన అలాగే ఉంది. రెండూ కలిసి వచ్చిన మూడో వాసనకి అతను ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. మూత తీస్తే అతని చుక్క ఉంది.

"యోగేశూ, దీన్ని తుక్కులో ఏసినాను కదరా."

"తుక్కులోంచి లేచొచ్చింది. పునర్జన్మ అనుకో."

"ఎలక ఉచ్చరా ఇది."

"గులాబీ వాసన రాట్లేదేటి? నానే కొట్టినాను, సగం సీసా. ఈ నెల మన దగ్గర సీ స్టిక్కర్లు ఎక్కువైపోనాయని పైవోళ్లు గోల. నువ్వు అంటించకపోతే నాను అంటిస్తాను, అంతే కదా?"

ప్రదీప్‌కుమార్ రెండో చుక్క పెట్టి మూత మూశాడు. స్టిక్కరు యోగేశ్ అంటించాడు. ఏ. ప్రదీప్‌కుమార్ తర్వాతి పెట్టె తెరిచాడు. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాడు.

వాట్‌గంజ్‌లో అతని ఎదురింట్లో జగ్గమ్మ ఉంటుంది. అరవై దాటాయి. మెటియాబ్రుజ్‌లో దర్జీ కార్ఖానాలో కుట్టిన బట్టలకి మిగిలిన దారాలు కత్తిరించే పని. కూతురి కూతురు శ్రీవల్లిని ఆమే పెంచుతోంది. పదమూడేళ్ల శ్రీవల్లి బడిలో పియానో నేర్చుకుంటూ, సాయంత్రాలు ప్రదీప్‌కుమార్ ఇంట్లో అతని పాత కీబోర్డు మీద సాధన చేసేది. దానికి అరవై ఒక్క మెట్లే. నవంబరులో ఆమెకి గ్రేడు పరీక్ష. పరీక్షలో వాయించాల్సిన దాంట్లో ఎడమచెయ్యి కిందికి దిగుతూ దిగుతూ మెట్లు అయిపోయి బల్లచెక్కను కొట్టేది.

"ఏది కొనాల్రా పెదీపూ?" అని జగ్గమ్మ అడిగింది.

అతను వారం రోజులు చూసి ఒక మోడల్ చెప్పాడు. పద్దెనిమిది వేలు. "మెట్లు నిండా ఉన్నాయత్తా. పెద్ద పియానో బరువు దీనికి రాదు గానీ ఏలు పాడవదు. స్పీకరు పీలగా ఉంటాది, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే తెలీదు. దాంతో ఇచ్చే పెడలు మాత్రం నేల మీద జారిపోతాది, అది పారేసి ఇంకోటి కొను. ఇంట్లో వాయించుకోడానికి చాలు." అదంతా నిజమే. ఆ మోడల్‌లో తప్పేమీ లేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, ఆన్‌లైన్లో ఆర్డరిచ్చిన పెట్టె వచ్చింది. జగ్గమ్మ గదిని రెండుసార్లు కడిగి, గోడవారగా బల్ల వేసి, ప్రదీప్‌కుమార్‌ని పిలిచింది.

"పియానో అంటే బీరువా అంత ఉంటాదనుకున్నాను. ఇదేటిది, ఇస్త్రీబల్ల నాగుంది."

"తేలిగ్గా ఉంటే మంచిదే కదా అమ్మమ్మా, మడతమంచం కింద తోసెయ్యొచ్చు," అంది శ్రీవల్లి.

ప్లాస్టిక్ సంచి చింపగానే గులాబీ వాసన గదంతా నిండింది. "ఓలమ్మ, సెంటు కొట్టి మరీ అంపినారు!" అని జగ్గమ్మ ముచ్చటపడింది. ప్రదీప్‌కుమార్ పియానోని తిరగేసి బ్యాటరీ అర మూత తీశాడు. రెండు చుక్కలు. మూత మూసేశాడు.

"ఎలాగుందిరా?"

"చూద్దాం అత్తా. రెండ్రోజులు వాయించనీ."

నోట్లోంచి వచ్చింది అంతే. ఉన్నది చెబితే తన బల్ల సంగతి చెప్పాలి, తన బల్ల మీదుగా అది ఎలా దాటిందో చెప్పాలి. జగ్గమ్మ పసుపు కలిపి తెచ్చింది. పియానో రెండు చివర్లా పసుపు రాసి కుంకం బొట్లు పెట్టింది. వంగి, మధ్యలో ఉన్న తెల్లమెట్టుకి నుదురు ఆనించి దండం పెట్టుకుంది. ఆమె కొబ్బరికాయ కొట్టి ఇచ్చిన ముక్కని ప్రదీప్‌కుమార్ చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చి కిటికీలోంచి కాలవలోకి విసిరేశాడు.

బుధవారం వాన పట్టింది. సాయంత్రం శ్రీవల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మావా, తీన్‌టే, మూడు మెట్లు పలకట్లేదు. పొద్దున పలికాయి. సోమవారం నుంచీ గలీజు వాసన కూడా వస్తోంది మావా, ఫ్యాను వేస్తే ఎక్కువవుతోంది."

"వాపసు పెట్టెయ్. ఇప్పుడే పెట్టు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి అది గోదాములో ఐదో బల్ల మీద ఉంది. రెండు చివర్లా పసుపు, కుంకం బొట్లు. యోగేశ్ చూసి నవ్వాడు.

"పూజ కూడా సేసేసినారా! బాగుంది. రంగు మరక, లోపల ఎలక. రెండూ కస్టమర్ తప్పే. రిజెక్ట్ కొట్టి ఇంటికి అంపెయ్. డబ్బు వాపసు లేదు."

"ఎలక ఇక్కడిదిరా. మార్చిలోదే ఇది."

"ఎవలు సెప్పినారు? ఎలక సెప్పిందేటి?"

పరీక్షించినవాడు కంప్యూటర్లో కారణం రాసి, ఫొటోలు జోడించి మీట నొక్కితే అది నేరుగా కొన్నవాళ్ల ఫోనుకి వెళ్తుంది. మామూలుగా అక్కడ రాసేది 'పరీక్షలో లోపం కనబడలేదు' అని. ప్రదీప్‌కుమార్ పెన్సిలు తీసి మూడో చుక్క పెట్టాడు. మూత లోపలి ఫొటో, మెట్ల కింది చారల ఫొటో తీశాడు. ఒక్కో వేలితో, తనకి వచ్చిన ఇంగ్లీషులో ఇలా కొట్టాడు: ఈ పియానో ఈ బల్ల మీదికి రావడం ఇది మూడోసారి. మార్చిలోనే లోపల ఎలుక గూడు ఉంది. తుక్కు అని రాశాను. ఈ చుక్కలు నావి. కొన్నవాళ్ల తప్పు లేదు. కింద పేరు, బల్ల నంబరు. మీట నొక్కేశాడు.

యోగేశ్ తెర మీద అది చదివాడు. అరవలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"పెట్టె మీద వాట్‌గంజ్ అనుంది. ఆ జగ్గమ్మ నీకేటవుద్ది?"

"ఎదురింటి మనిషి."

"అదీ సంగతి. జూన్‌లో నువ్వే కదా దాదా దాని మూత మూసినావు. ఇలాటివి ఇన్నాళ్లూ ఎంతమంది ఇళ్లకి ఎళ్లినాయో నీకు తెలీదేటి? అప్పుడు నీ ముక్కు పన్జెయ్యలేదు. ఎదురింటికి వొచ్చేసరికి కంపు కొట్టిందా?"

ప్రదీప్‌కుమార్ పియానో ప్లగ్గు తీశాడు. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు గేటు దగ్గర అతని కార్డు పనిచేయలేదు. కారణం అడిగితే సెక్యూరిటీ వాడికి తెలియదు.

జగ్గమ్మకి డబ్బు ఆరో రోజున వచ్చింది. ఆ సాయంత్రం ఆమె కార్ఖానా నుంచి వచ్చి, జుట్టులో దారపుపోగులు దులుపుకోకుండానే అతని గుమ్మం ముందు నిలబడింది. ఫోనులో వచ్చినదంతా శ్రీవల్లి ఆమెకి చదివి చెప్పింది.

"పని పోనాదంట కదరా."

"పోనాది అత్తా."

"నా గురించే పోనాది." చేతిలో సంచి గుమ్మంలో దించింది. "ఆ చుక్కలు ఆదోరం నాడే సూసినావేటి? మూత తీసినావు, నాను ఉన్నాను కదా పక్కనే."

"చూసినాను."

"ఎలక ఉచ్చని తెలుసా?"

"తెలుసు."

"మరి బొట్టెట్టనిచ్చినావేట్రా? నుదురానిస్తంటే నోరిప్పలేకపోనావా?" ఆమె చీర చెంగుతో నుదురు గట్టిగా తుడుచుకుంది, తడి ఇంకా అక్కడే ఉన్నట్టు. "మా ఇంట్లోనే ఎలకలున్నాయనుకుని ఆ మూడ్రోజులూ మూలమూలా కడిగినాను. ఏలుగోళ్లు పాసిపోనాయి. నువ్వు ఎదురుగుమ్మంలో కూకుని సూస్తన్నావు."

అతను ఏదో అనబోయాడు. ఆమె వినకుండా వీధి దాటి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

శ్రీవల్లి ఇప్పుడు అతని ఇంటికి రావడం లేదు. బడికి గంట ముందుగా వెళ్లి అక్కడి పియానో మీద సాధన చేస్తోంది. ప్రదీప్‌కుమార్ ఒక సామాన్ల దుకాణంలో పెట్టెలు ఎత్తి దించే పనికి కుదిరాడు. ఐదో బల్ల దగ్గర కొత్తమనిషిని పెట్టారని గోదాము ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ బస్సులో కనబడి చెప్పింది. ఆ కొత్తమనిషికి వాయించడం రాదు. చెక్క స్కేలు అంచుతో ఎడమ చివర నుంచి కుడి చివర దాకా మెట్లన్నిటి మీదా ఒకసారి ఈడుస్తాడు. పలికితే ఏ అంటిస్తాడు. ఒక్కో పియానోకి నలభై సెకన్లు.