తెరకు అటు దిక్కు బాతులు

రామలింగం ఇంట్లోంచి కాలు బయట పెట్టాలంటే ముందు ఊళ్లో పిల్లులన్నీ నిద్రపోవాలి. వరంగల్ చౌరస్తాలో ఆయన ఉప్పు, బెల్లం దుకాణం చుట్టుపక్కల వాళ్లు అనుకునే మాట ఇది. ఎవరూ తుమ్మకూడదు, నూనె కుండ ఎదురు రాకూడదు, పోయే దిక్కుకు ఆ రోజు వారశూల తగలకూడదు. ఇవన్నీ గట్టెక్కినా ఆకాశంలో పిట్టలుంటాయి కదా. ఎదురుగా పిట్ట ఎడమ నుంచి కుడికి పోతే శుభం, కుడి నుంచి ఎడమకు పోతే చెప్పులు విడిచి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇది వాళ్ల తాత చెప్పిన శాస్త్రం. ఆ తాత కూడా ఎన్నడూ ఊరు దాటలేదు కనుక శాస్త్రం తప్పని తేల్చే అవకాశం ఎవరికీ రాలేదు.

యాభై ఏళ్లు దగ్గర పడుతున్నా రామలింగం రైలెక్కింది లేదు. సరుకు కోసం కాజీపేట దాకా జట్కాలో పోయి జట్కాలోనే తిరిగొచ్చేవాడు. రైలు కూత వినబడితే పంచె ఎగగట్టి ఓ పక్కకు జరిగేవాడు. భయమా అని అడిగితే, "భయమెందుకు? నాకు దానితోటి పని లేదు" అనేవాడు.

పని ఆయన భార్య భారతికి పడింది. ఆమె అక్క సావిత్రి రైల్లో పోవాల్సిన బల్లార్షాలో ఉంటుంది. బావకు రైల్వేలో కొలువు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వానకాలంలో సావిత్రికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా ముద్దముద్దగా వస్తోందట. అటునుంచి ఎవరొచ్చినా ఒకే కబురు తెచ్చేవారు: "భారతి ఎప్పుడొస్తదని అడుగుతాంది." తల్లి పోయాక భారతికి జడ వేసి, అన్నం తినిపించి పెంచింది ఆ అక్కే.

దసరా తర్వాత భారతి సకినాలు చేసి మూట కట్టింది. పిల్లి ఎదురొచ్చింది. మళ్లీ చేసింది. పక్కింటాయన తుమ్మాడు. ఇంకోసారి జట్కా ఎక్కి కూర్చున్నాక కాకి కుడి నుంచి ఎడమకు పోయింది. సకినాలు మాత్రం ప్రతిసారీ రామలింగమే తిన్నాడు, మెత్తబడిపోతాయన్న బాధతో.

ఈసారి గురువారమని ఖాయమైంది. ఆ రోజు బల్లార్షా ఉన్న ఉత్తరానికి శూల లేదు. బుధవారం సాయంత్రం రామలింగమే అన్నాడు: "ఖిల కాడ డేరాల రాముని సినిమా ఆడుతాందట. పయనం ముందుగాల దేవుని మొఖం చూసి పోతె మంచిది."

కోట దగ్గరి ఆ డేరా నడుమ తెల్లగుడ్డ తెర కట్టారు. ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు. గుడ్డను తడిపితే బొమ్మ రెండు వైపులా కనబడేది. అటు కూర్చున్నవాళ్లకు అది అద్దంలోలా తిరగబడి కనబడుతుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. రాముడు ఏ చేత్తో బాణం వేస్తేనేం, రావణుడు చస్తే చాలదూ?

తీరా ఆట మొదలయ్యేసరికి రాముడి కంటే ముందు బాతులొచ్చాయి. వలస పక్షుల మీద ఎవరో తీసిన చిన్న చిత్రం అది. మాటలన్నీ ఇంగ్లీషు. డేరా మనిషి కట్టయ్య తెర పక్కన నిలబడి, రెండు వైపులకూ వినబడేలా కేకలేసి చెబుతున్నాడు: "సూడుండ్రి! మంచుకొండలు దాటి వస్తానయి! చలికాలం మన పాకాల చెరువుకు వచ్చేటియి గిసొంటియే!"

గాలికి ఓ బాతు వెనకబడితే డేరా అంతా "అయ్యో" అంది. అది మళ్లీ వరుసలో కలిస్తే ఈలలు వేసింది. రామలింగం నోరు తెరుచుకుని చూశాడు. ఆ మంచు చూసి కండువా చెవులకు చుట్టుకున్నాడు కూడా. అంతలో ఆయన చూపు అవి పోయే దిక్కు మీద పడింది. బాతులు కుడి నుంచి ఎడమకు పోతున్నాయి. ఒకటా రెండా! జన్మలో చూడనన్ని పిట్టలు, ఒక్కటైనా మొహమాటానికి కూడా ఎదురు తిరగకుండా, కుడి నుంచి ఎడమకే పోతున్నాయి. ఒక్క కాకికే జట్కా దిగినవాడికి ఇంత మంద కావాలా? తర్వాత రాముడు వచ్చాడు, పోయాడు. రామలింగానికి కనబడలేదు.

ఆట విడిచాక భారతి నవ్వు ముఖంతో ఎదురొచ్చింది.

"రేపు పోవుడు లేదే," అన్నాడు. "బాతులను చూడలేదా? కుడి నుంచి ఎడమకు పోయినయి."

"మీ కండ్లకు ఏమైంది? ఎడమ నుంచే కుడికి పోయినయి. మంచి శకునమని నేనెంత సంబురపడ్డనో!"

మాట మీద మాట పెరిగింది. జనం మూగారు. మగవాళ్లంతా రామలింగం మాటే నిజమన్నారు, ఆడవాళ్లంతా భారతి మాటే నిజమన్నారు. ఓ పెద్దమనిషి తన భార్యను పొద్దున్నే దవాఖానకు తీసుకుపోయి కళ్లు చూపిస్తానన్నాడు. ముందు మీవి చూపించుకోండి అంది ఆమె. చివరికి కట్టయ్య వచ్చాడు.

"తెరకు అటు దిక్కు కూసున్నోళ్లకు అట్ల, ఇటు దిక్కోళ్లకు ఇట్ల కనవడ్డయి. బాతులు మాత్రం గవే," అన్నాడు.

అందరూ నవ్వారు, రామలింగం తప్ప. "అయితే నీకు మంచిది, నాకు గాదు," అన్నాడు.

"అయితే నేనొక్కదాన్నే పోత." ఈసారి భారతి గొంతులో తగవు లేదు. "గన్ని కొండలు దాటేటియి ఏ వారమని చూసుకొని లేస్తానయి? మా అక్క నోట్లె మాట ఉన్నప్పుడే పోవాలె నేను. మీరు దుకాణం కాడనే ఉండుండ్రి, ఫికర్ లేదు."

రామలింగం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, ఆ చెప్పులకే చెబుతున్నట్టు అన్నాడు: "శకునం గాదే. నాకు రైలంటే భయం."

ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? "ఎరికే," అంది భారతి. "అన్నం తిందురు రాండ్రి."

తెల్లారి జట్కాలో ఇద్దరూ కాజీపేట స్టేషనుకు పోయారు. బండెక్కించి వచ్చేస్తానన్న ఒప్పందం మీద వచ్చాడు రామలింగం. టికెట్లు మాత్రం రెండు కొన్నాడు. ఎందుకని అడిగితే చిల్లర లేదన్నాడు. రైలొచ్చి ఆగింది. భారతి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఆయన కింద నిలబడ్డాడు, సకినాల మూట ఇంకా ఆయన చంకలోనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఓ కాకి ఇద్దరి నడుమ నుంచి ఎగిరిపోయింది. రామలింగానికి కుడి నుంచి ఎడమకు.

భారతి మూట అందించమని చెయ్యి చాపబోయి ఆగింది. ఆయన కాకి పోయిన దిక్కు చూశాడు, రైలును చూశాడు, కిటికీలో భార్య ముఖం చూశాడు.

"ఏమే, నీ దిక్కు నుంచి ఎట్ల పోయింది?"

"కుడికి," అంది భారతి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే జర జరుగు," అని రామలింగం మూట గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆమె దిక్కుకు ఎక్కాడు.