నాంచారయ్య గారు మూయని మూత

2018 జూలైలో నేను మచిలీపట్నంలో ఒక ప్రభుత్వ శాఖ జిల్లా కార్యాలయంలో కంప్యూటర్ల విభాగం చూసేవాణ్ణి. విభాగమంటే నేను, ఒక బీరువా, దాని తాళంచెవి. కింది ఆఫీసుల్లో మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్‌లలోని ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి లినక్స్ ఎక్కించే పని ఆ నెల నాకు అప్పగించారు. లినక్స్ ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోదగ్గది, పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. పారేద్దామనుకున్న వాటిని ఇంకో నాలుగేళ్లు నడిపించవచ్చని పైవాళ్లను ఒప్పించింది నేనే కాబట్టి, కొంచెం గర్వంగానే బయలుదేరాను.

అవనిగడ్డ సెక్షన్ ఆఫీసులో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. చుట్టుపక్కల కాలువల నీటిమట్టాలు రోజూ పదకొండు గంటల లోపు దాని మీది నుంచే బందరులోని మా జిల్లా కార్యాలయానికి పంపాలి. పంపేవారు సీనియర్ అసిస్టెంట్ నాంచారయ్య గారు. సెప్టెంబరు ఆఖరుకు ఆయన రిటైర్‌మెంట్. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. ఫైళ్లకు దారం కట్టడంలో ఆయనంత పొందికైనవాణ్ణి నేను చూడలేదు.

లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకుని వెళ్లాను. యంత్రం ఆన్ అవుతుండగా ఒక మీట నొక్కి, లోపలి డిస్కు బదులు పెన్‌డ్రైవ్ నుంచి మొదలుకమ్మని చెప్పాలి. ఆ తర్వాత అది అడిగినవాటికి జవాబులు చెబుతూ పోవడమే. వైఫై మాత్రం పట్టలేదు. దానికి కావలసిన డ్రైవర్ ప్రోగ్రామ్ దించుకోవాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ఇంటర్నెట్ రావాలంటే వైఫై ఉండాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్నట్టుంది. నా ఫోనును వైరుతో తగిలించి ఆ ముడి విప్పాను. గంటసేపు నేనే టైపు చేసి చూసుకుని మూడింటి బస్సెక్కాను.

బస్సు చల్లపల్లి చేరకముందే ఫోను వచ్చింది. “పడుకుందండి,” అన్నారు నాంచారయ్య గారు.

మర్నాడు వెళ్లాను. నేను కూర్చుంటే రెండు గంటలు నిక్షేపంలా పనిచేసింది. ఆయన కూర్చుంటే పది నిమిషాల్లో తెర నల్లబడింది. మళ్లీ నేను కూర్చున్నాను, మళ్లీ బుద్ధిగా నడిచింది. ఆ వారంలో మూడుసార్లు మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాను. ఆఫీసువాళ్లు కూడా ఊరుకోలేదు, టేబుల్ని తూర్పుకు తిప్పారు. ఎవరో నిమ్మకాయ తెచ్చి యంత్రం పక్కన పెట్టారు. నాంచారయ్య గారు చెప్పులు బయట విడిచి వచ్చి దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. “పాతదాంట్లో ఇలా లేదండి,” అని మాత్రం రోజూ అనేవారు. కొత్తది నచ్చనివాళ్లందరూ ఆ మాటే అంటారని నేను పట్టించుకోలేదు.

చివరికి లాగ్ తెరిచాను. యంత్రం తనకు జరిగినదల్లా టైముతో సహా రాసుకునే దినచర్య అది. అందులో స్పష్టంగా ఉంది: మూత మూశారు, నిద్రలోకి వెళ్తున్నాను. ఒక్క రోజులో పదకొండుసార్లు. అన్నీ నాంచారయ్య గారు కూర్చున్న వేళల్లోనే.

ఆయన్ని అడిగాను. “నేను మూత ముట్టుకోలేదండి,” అన్నారు.

నేను లాగ్‌నే నమ్మాను. “వినియోగదారుడు తరచుగా మూత మూయుచున్నందున యంత్రము నిలిచిపోవుచున్నది” అని జిల్లా కార్యాలయానికి రిపోర్టు రాశాను. పదిరోజుల్లో ఆయనకు మెమో వెళ్లింది: కొత్త విధానాన్ని కావాలని అడ్డుకుంటున్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసింది. రిటైర్‌మెంట్ ముందర మెమో తేలకుండా మిగిలితే పెన్షన్ కాగితాలు కదలవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన సంజాయిషీ ఒకే వాక్యం: “నేను మూత మూయలేదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాను.”

మెమో తర్వాత లాగ్ తెప్పించుకుని చూస్తే రోజుకు నలభైసార్లు మూత మూసినట్టుంది. మెల్లగా మాట్లాడే మనిషికి ఇంత మొండితనమా అని నాకు ఒళ్లు మండింది. ఆ మాట కూడా రాశాను. రెండో మెమో వెళ్లింది.

ఆగస్టు చివర్లో విచారణ పెట్టారు. నేను, సెక్షన్ ఆఫీసరు, పక్క ఆఫీసు నుంచి సాక్షిగా వచ్చిన ఒక గుమాస్తా, ముగ్గురం ఆయన చుట్టూ నిలబడ్డాం. ఆయన టైపు చేశారు. నాలుగో నిమిషంలో తెర ఆరిపోయింది. మూత బార్లా తెరిచే ఉంది. లాగ్‌లో మూత మూశారనే ఉంది. మూత తెరిచే ఉన్నదని ముగ్గురం పంచనామా రాసి సంతకాలు చేశాం. దాన్ని ఫోన్లో చదివి వినిపిస్తే జిల్లా ఆఫీసు సూపరింటెండెంటు గారు, మూత ఉన్నది తెరిచా, మూసా, ఏదో ఒకటి ఖరారు చేసి పంపమన్నారు.

పంచనామా మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. నాంచారయ్య గారు పంచనామా నకళ్లకు క్లిప్పు పెడదామని జెమ్ క్లిప్పుల డబ్బా మీదుగా చెయ్యి చాపారు. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి మణికట్టుకు నాలుగు క్లిప్పులు వేలాడుతున్నాయి. అటెండరు మరియమ్మ వచ్చి, ఆయన వైపు చూడకుండానే, బట్టల మీది పల్లేరుకాయలు ఏరినట్టు వాటిని ఏరి డబ్బాలో వేసింది. అది ఆమెకు రోజూ ఉండే పని.

చొక్కా చెయ్యి పైకి లాగమన్నాను. ఎడమచేతికి రెండు అయస్కాంతం కడియాలు. బీపీ తగ్గుతుందని గుడివాడలో ఒక ప్రదర్శనలో కొన్నారట. “మొదట ఒకటేనండి. మెమో వచ్చాక బీపీ పెరిగిందని రెండోది తెప్పించాను,” అన్నారు.

మూత మూసిందీ లేనిదీ ల్యాప్‌టాప్ కళ్లతో చూడదు. మూత అంచున చిన్న అయస్కాంతం, కింద కీబోర్డు పక్కన దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి వస్తే మూత మూశారనుకుంటుంది. పాత సిస్టమ్‌లో మూత మూసినా ఏమీ చేయవద్దని ఎవరో ఎప్పుడో మార్చిపెట్టారు. నేను ఎక్కించినదాంట్లో నిద్రపొమ్మని ఉంది. నా రిపోర్టు మెమో తెచ్చింది, మెమో బీపీ తెచ్చింది, బీపీ రెండో కడియం తెచ్చింది, దాంతో నా రెండో రిపోర్టుకు సాక్ష్యం దొరికింది.

కడియాలు విడిపించి కీబోర్డు ఎడమ పక్కన పెట్టాను, తెర ఆరింది. తీశాను, వెలిగింది. అందరూ ఒక్కొక్కసారి చేసి చూశారు. “అయ్యగారికి నెల్నుంచీ నిద్ర లేదండి. ఇదేమో రోజుకి నలభైసార్లు పడుకుంటంది,” అంది మరియమ్మ. నాకు సిగ్గేసింది.

పని చేసేటప్పుడు కడియాలు తీసిపెట్టమన్నాను. “మీ మిషన్ కోసం నా బీపీ పెంచుకోమంటారాండీ?” అన్నారాయన. న్యాయమే. సెట్టింగుల ఫైలులో ఒక్క వాక్యం మార్చాను: మూత సంగతి పట్టించుకోవద్దు. ఆ తర్వాత యంత్రం ఎవరి చేతికిందా నిద్రపోలేదు.

సూపరింటెండెంటు గారు “సాంకేతిక లోపం” అని రాసి ముగించమన్నారు. అలా రాస్తే యంత్రం బాగుపడుతుంది గానీ మెమో పోదు. మొదటి రెండు రిపోర్టుల్లో నేను రాసింది తప్పనీ, నాంచారయ్య గారు ఒక్కసారి కూడా మూత మూయలేదనీ రాసి సంతకం పెట్టాను. సాక్ష్యంగా కడియాలు దఖలు పరచమని తిరుగుటపాలో అడిగారు. బీపీ కారణంగా ఇవ్వలేకపోతున్నామని జవాబిచ్చాం. రిటైర్‌మెంట్‌కు నాలుగు రోజుల ముందు మెమోలు రద్దయ్యాయి.

వీడ్కోలు సభలో ఆయన రెండో కడియం తీసి నా చేతిలో పెట్టారు. “నాకిక ఒకటి చాలండి,” అన్నారు. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, ల్యాప్‌టాప్‌కు దూరంగా.

లాగ్ చెప్పేది సెన్సర్‌కు తోచిన సంగతి. జరిగిందేమిటో ఎదురుగా ఉన్న మనిషిని అడగాలి, అడిగాక నమ్మాలి. ఆ తర్వాత నా రిపోర్టుల్లో “మూత మూశారు” అని రాయడం మానేసి, “మూత మూసినట్టు యంత్రం నమోదు చేసింది” అని రాస్తున్నాను. అంతకుముందు రాసిన రిపోర్టుల్లో ఎంతమంది చేత మూయని మూతలు మూయించానో నాకు తెలియదు. వాళ్లెవరూ నా ఎదుట క్లిప్పుల డబ్బా మీదుగా చెయ్యి చాపలేదు.