అర్థంకాని మేడమ్

ఆ విశ్వవిద్యాలయం మొత్తం మీద రెండు డాక్టరేట్లున్న మనిషి ఒక్కరే. ఎవరేం చెప్పినా "నాకర్థం కాలేదు" అనే మనిషీ ఒక్కరే. చిక్కేమిటంటే ఆ ఇద్దరూ ఒకరే. అసలు పేరు జీతాలిచ్చే విభాగంవాళ్ళకు తెలిసి ఉండాలి గాని, గేటు దగ్గర కాపలాదారు మొదలుకొని డీన్ గారి దాకా అందరికీ ఆవిడ 'అర్థంకాని మేడమ్'.

మనిషి పొట్టి. భుజాన వేలాడే సంచీ మాత్రం ఆవిడకంటే ఒక చుట్టు పెద్దది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకొని దానికోసం ఆ సంచీలో వెతుకుతూ ఉంటారు. ఆవిడ పని విదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు సొంత వ్యాపారం పెట్టడం నేర్పడం. ఆ కోర్సు పేరు నోరు తిరిగేది కాదు.

"ఈ ఏడాది సమ్మిళిత సుస్థిర వ్యవస్థాపకతకు పెద్దపీట వేస్తున్నాం" అని ఒక సమావేశంలో డీన్ గారు ప్రకటించారు. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"నాకర్థం కాలేదండీ."

"మేడమ్, అది మీ కోర్సు పేరు."

"కోర్సు నాదే. పేరు మీరు పెట్టారు."

డీన్ గారు మంచినీళ్ళు తాగి, కాసేపు తంటాలు పడి, చివరికి ఇలా తేల్చారు: "అందరికీ చోటుండి, పదికాలాలపాటు నిలిచే వ్యాపారం ఎలా పెట్టాలో నేర్పడం."

"మరి ఆ ముక్కే పెట్టకపోయారా" అని మేడమ్ కూర్చున్నారు.

ఒకసారి లిఫ్టు మీద కాగితం అంటించారు: 'సాంకేతిక కారణాల దృష్ట్యా ఊర్ధ్వగమన సౌకర్యం తాత్కాలికంగా నిలిపివేయబడినది.' మేడమ్ దాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివి, మెకానిక్కును పిలిపించారు.

"నాకర్థం కాలేదు నాయనా."

"లిఫ్టు పాడైందమ్మా."

మధ్యాహ్నానికి కాగితం మారింది: 'లిఫ్టు పాడైంది. మెట్లెక్కండి.' అప్పటిదాకా లిఫ్టు ముందు ఓపిగ్గా నిలబడి ఉన్న పరదేశి పిల్లలు గబగబా మెట్లవైపు నడిచారు.

ఇలాంటి మేడమ్ చేతిలో పడ్డాడు ఇంజనీరు. తన దేశంలో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడి భాష కూడా అక్కడే నేర్చుకొని, ఈ చదువుకోసం వచ్చినవాడు. మాటకారి. తన మాట తనకే ముచ్చటగా ఉంటుంది. అతనికి జోడీగా మేడమ్ ఒక నర్సును వేశారు. ఆమెది ఇంకో దేశం. కొన్నేళ్ళు ఆస్పత్రిలో పనిచేసి వచ్చింది. వయసులో పెద్దది కాబట్టి ఇంజనీరు 'అక్కా' అనేవాడు. ఆమె 'తమ్ముడూ' అనేది. అంతకుమించి ఆమె నోట మాట వచ్చేది కాదు. ఇక్కడి భాష ఆమెకు ఇంకా పట్టుబడలేదు. క్లాసులో తల వంచుకొని రాసుకుంటుంది. రాయడం ఆగిపోతే, తల ఇంకొంచెం వంచుకుంటుంది.

ఇద్దరూ కలిసి ఒక వ్యాపారం ఆలోచించి చెప్పాలి. ఇంజనీరు ఆలోచించేశాడు, అక్క తల ఊపింది. మర్నాడు క్లాసులో లేచి నిలబడ్డాడు.

"మంచం పట్టినవాళ్ళ కోసం స్మార్ట్ పరుపు మేడమ్. తేమను సెన్సర్ పసిగడుతుంది, డేటాను క్లౌడ్ విశ్లేషిస్తుంది, సంరక్షకుల యాప్‌కు తక్షణ సందేశం వెళ్తుంది."

"నాకర్థం కాలేదు బాబూ."

అతను మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ అదే మాట. చివరికి విసిగిపోయి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు: "పక్క తడిస్తే ఫోను మోగుతుంది మేడమ్."

"మోగితే?"

"ఇంట్లోవాళ్ళు వచ్చి పక్కమీది గుడ్డ మారుస్తారు."

"ఏం గుడ్డ?"

ఇంజనీరు తెచ్చుకున్న కాగితాలు తిరగేశాడు. ఏం గుడ్డో అతనికి తెలియదు.

"గుడ్డ కాదు. ప్లాస్టిక్." క్లాసులో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు అది. నర్సు లేచి నిలబడి ఉంది. "వాడతారు. పారేస్తారు. రోజూ చాలా."

"నాకర్థం కాలేదమ్మా, ఇంకొంచెం చెప్పు" అన్నారు మేడమ్.

"ఆస్పత్రిలో దుప్పట్లు పారేస్తారు. చిన్న చిరుగు ఉన్నా పారేస్తారు. బట్ట మంచిది. చాలా మడతలు పెట్టి కుడితే తడి పీలుస్తుంది, పక్కమీద వెయ్యొచ్చు. ఉతికి మళ్ళీ వెయ్యొచ్చు."

"ఎవరు కుడతారు?"

"ఇంట్లో రోగి ఉన్న ఆడవాళ్ళు. వాళ్ళకి బయట పని చెయ్యడం కుదరదు. రోగిని వదిలి రాలేరు. ఇంట్లో కూర్చుని కుట్టగలరు."

క్లాసు చప్పట్లు కొట్టింది. ఇంజనీరు కూడా కొట్టాడు గాని, లోపల కుతకుత ఉడికిపోయాడు. "గోడకి చెప్పినా ఈపాటికి అర్థమయ్యేది" అని ఆ సాయంత్రం హాస్టల్లో వాపోయాడు. "ఆవిడ అడిగినకొద్దీ నా యాప్ మంచుగడ్డలా కరిగిపోయింది."

నర్సు మొదటి పక్కగుడ్డ కుట్టి తెచ్చినప్పుడు మేడమ్ దాన్ని నలిపి, లాగి, వాసన చూసి, "పడుకుంటే ఎలా ఉంటుందో నాకర్థం కాలేదు" అన్నారు. అని, క్లాసులో ఉన్న పొడుగు బల్లమీద దాన్ని పరిచి, చెంబెడు నీళ్ళు పోయించి, సంచీ తలకింద పెట్టుకొని దానిమీద వెల్లకిలా పడుకున్నారు. పడుకొనే పాఠం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే డీన్ గారు కొందరు అతిథులకు విశ్వవిద్యాలయం చూపిస్తూ తలుపు తీశారు.

"మేడమ్, ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంలా ఉన్నానండీ. తడిసి చాలాసేపైంది, వీపుకు చెమ్మ తగల్లేదు. నడుం దగ్గర కుట్టొకటి గుచ్చుకుంటోంది, అంతే."

డీన్ గారు అతిథుల్ని ఒక్క ఉదుటున గ్రంథాలయంవైపు మళ్ళించారు.

ఆయన ఓర్పుకూ ఒక హద్దుంటుంది. ఆ రోజు బల్ల దగ్గర అది హద్దు దాటింది. మరుసటివారం ఒక కొత్త పెద్దమనిషిని పిలిపించారు. పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలిచ్చేవాడు. సూటు మీద ముడత లేదు, మాటలోనూ లేదు. ఒక్క ఉపన్యాసం చూసి, నచ్చితే కోర్సు ఆయనకే అప్పజెబుతారని అందరికీ తెలిసిపోయింది. ఇంజనీరు ఉత్సాహంగా ముందుకెళ్ళి, తెరమీద బొమ్మలు మార్చే పని తనమీద వేసుకున్నాడు. అందుకని ఆ రోజు అతను క్లాసుకు ఎదురుగా కూర్చున్నాడు. మేడమ్ వెనక వరసలో విద్యార్థుల పక్కన సర్దుకున్నారు.

"విలువ గొలుసులోని బాహ్య ప్రభావాలను అంతర్గతీకరించకుండా సమ్మిళిత వృద్ధి అసాధ్యం" అన్నాడు సూటాయన.

కలాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఇంజనీరుకు కనిపించింది. నర్సు తల వంగింది. ఆమె పక్క కుర్రాడి తల వంగింది. మేడమ్ చూపు సూటాయన మీద లేదు, ఆ వంగిన తలల మీద ఉంది. చెయ్యి లేచింది.

"నాకర్థం కాలేదండీ."

సూటాయన జాలిగా నవ్వాడు. "ఇది నా సొంత మాట కాదమ్మా. ఈ రంగంలో చాలా పెద్దావిడ రాసిన సూత్రం."

"ఆవిడకైనా అర్థమయ్యే రాసిందంటారా?"

క్లాసు గొల్లుమంది. డీన్ గారు మాత్రం నుదురు పట్టుకున్నారు. సూటాయన సర్దుకొని, రెండు మూడు రకాలుగా తిప్పి, చివరికి నేలమీదికి వచ్చాడు: "మన వ్యాపారం వల్ల పక్కవాడికి నష్టం జరిగితే, అది కూడా మన నష్టం కిందే రాసుకోవాలి. లేకపోతే అందరినీ కలుపుకుపోతున్నామని చెప్పుకోకూడదు."

కలాలు బరబరా కదిలాయి. మేడమ్ చెయ్యి దించేశారు. ఆ గంటలో అలా చాలాసార్లు జరిగింది. తలలు వంగితే చెయ్యి లేచేది. కలాలు కదిలితే దిగేది.

ఉపన్యాసం అయ్యాక, వసారాలో సూటాయన చెమట తుడుచుకుంటూ, "ఆవిడెవరండీ, ఓనమాలు కూడా రానట్టున్నాయి" అన్నాడు.

"మీరు చెప్పిన సూత్రం రాసిన పెద్దావిడ ఆవిడేనండీ" అన్నారు డీన్ గారు నీరసంగా.

సూటాయన చేతిరుమాలు జేబులో కుక్కుకున్నాడు. కోర్సు తీసుకునేందుకు తనకు వీలుపడదనీ, వేరే పనులున్నాయనీ చెప్పి అటునుంచటే వెళ్ళిపోయాడు.

వైర్లు చుట్టుకుంటూ ఇదంతా విన్న ఇంజనీరు పరుగున వెళ్ళి మెట్లమీద నర్సును పట్టుకున్నాడు.

"అక్కా, మేడమ్‌కి అన్నీ అర్థమవుతాయి."

"తెలుసు."

"తెలుసా? ఎప్పటినుంచి?"

"వచ్చిన కొత్తలో ఏమీ తెలిసేది కాదు తమ్ముడూ. పెట్టె సర్దేశాను, ఇంటికి పోదామని. ఆ రోజు క్లాసులో మేడమ్ నాకర్థం కాలేదు అన్నారు. అంత పెద్దావిడకే కాకపోతే నాకు కాకపోవడం తప్పు కాదు కదా. పెట్టె విప్పేశాను." ఆమె ఒక మెట్టు దిగి ఆగింది. "తర్వాత కనిపెట్టాను. నేను రాయడం ఆపితేనే ఆవిడ అడుగుతారు. నువ్వు పైకి అనకు. మనకి తెలుసని తెలిస్తే మానేస్తారు."

ఇంజనీరుకు ఆ రాత్రి తను తెలివిగా మాట్లాడిన రోజులన్నీ గుర్తొచ్చాయి, ఆ రోజుల్లో అక్క తల ఎక్కడుందో గుర్తురాలేదు.

చివరి పరీక్ష వచ్చింది. ముగ్గురు పెద్దల ముందు ప్రతి జట్టూ తన వ్యాపారం వివరించాలి. నెగ్గినవాళ్ళకు సరుకు పెట్టుకోను ఏడాదిపాటు ఒక గది, పనికి కావలసిన ముడిసరుకు దొరుకుతాయి; వీళ్ళకైతే అది ఆస్పత్రి వదిలేసే దుప్పట్లు. ఓడితే ఎవరి దారి వాళ్ళది. పాఠం చెప్పినవాళ్ళు లోపలికి రాకూడదని నియమం. మేడమ్ సంచీ ఒళ్ళో పెట్టుకొని బయట బెంచీమీద కూర్చున్నారు.

ఇంజనీరు తన వంతు చక్కగా, చిన్న చిన్న మాటల్లో ముగించాడు. పెద్దల్లో ఒకాయన బ్యాంకు అధికారి. కళ్ళజోడు సవరించుకొని నర్సువైపు వంగాడు.

"అమ్మా, వికేంద్రీకృత ఉత్పత్తి విధానంలో నాణ్యతా ప్రమాణాల ఏకరూపతను మీరెలా నిర్ధారిస్తారు?"

నర్సు తల వంగిపోయింది.

ఇంజనీరుకు ప్రశ్న అక్షరం అక్షరం అర్థమైంది. జవాబు నాలుక చివరే ఉంది, అదీ ప్రశ్నకంటే గంభీరమైన మాటల్లో. గుటక వేసి దాన్ని మింగేశాడు.

"నాకర్థం కాలేదండీ."

"మీరు ఇంజనీరు కదా?"

"అవునండీ. అయినా కాలేదు."

బ్యాంకాయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంజనీరు అమాయకంగా తల అడ్డంగా ఊపాడు. "రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టుందయ్యా నీ వరస" అని బ్యాంకాయన నిట్టూర్చి, చేతులతో చూపిస్తూ చెప్పాడు: "పదిమంది పది ఇళ్ళలో కుడతారు. అన్నీ ఒకేలా బాగుంటాయని నమ్మకం ఏమిటి?"

నర్సు తలెత్తింది.

"నమ్మకం లేదండీ. అందుకే చూస్తాం. కుట్టిన ఆవిడ మొదట తన ఇంట్లో రోగి కింద వేస్తుంది. గుచ్చుకుంటే ఆయన ఊరుకోడు, కేకలేస్తాడు. కేకలేస్తే విప్పి మళ్ళీ కుడుతుంది. ఆయన నిద్రపోతే అప్పుడు అమ్ముతాం. నేను ప్రతి ఇంటికీ వెళ్ళి అడుగుతాను, నిద్ర పట్టిందా అని."

ముగ్గురు పెద్దలూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. "మా బ్యాంకులో ఇంత గట్టి తనిఖీ లేదమ్మా" అన్నాడు బ్యాంకాయన. గది వాళ్ళకే దక్కింది.

బయటికి వచ్చేసరికి మేడమ్ బెంచీమీద లేరు. తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి, గోడమీద ఏదో చదువుతున్నట్టు అటు తిరిగారు. గోడ మీద ఏమీ లేదు. నర్సు వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంటే, "నువ్వే చెప్పావుటే జవాబు" అని ఆమె చెంప నిమిరారు. తర్వాత ఇంజనీరువైపు తిరిగి మొహం గంటు పెట్టుకున్నారు.

"ఏమయ్యా, అంత పెద్ద చదువు చదివి, నలుగురి ముందు అర్థం కాలేదంటావా? సిగ్గు లేదూ?"

"మీ దగ్గర చదువుకున్నాను కదా మేడమ్, ఉన్న సిగ్గు కాస్తా పోయింది."

ఆవిడ ఏదో అనబోయి, సంచీ భుజానికి తగిలించుకొని చరచరా నడిచి వెళ్ళిపోయారు. వసారా మలుపు తిరిగి కనిపించకుండా పోయాక, ఆవిడ నవ్వు వినిపించింది. ఆవిడ నవ్వడం ఆ విశ్వవిద్యాలయంలో అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. పై అంతస్తులో డీన్ గారు కిటికీ తీసి, ఏమైందో అర్థంకాక కిందికి తొంగిచూశారు.