మొక్కల వెనకాల వచ్చిన ఉత్తరాలు

ఆ రోజుల్లో చోడవరంలో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవారు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థించేవాణ్ణి. ఎందుకంటే ఆ గదిలో కూర్చునేవాణ్ణి నేనే. గుమ్మం బయట ఎన్ని జతల చెప్పులుంటే నా ఉద్యోగం అంత గొప్పదనుకునేవాణ్ణి. ఇది తొంభైల చివరి మాట. మాది రావికమతం దగ్గర పల్లె. విశాఖపట్నంలో ఏడాదిపాటు కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్టు పుచ్చుకుని, ఇరవై రెండో ఏట వడ్డాది రోడ్డులో ఉన్న ఒక మొక్కల నర్సరీలో చేరాను. కంప్యూటర్ గురించి నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదని గట్టి నమ్మకం ఉండేది. (అంత నమ్మకం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతూనే వచ్చింది.)

నర్సరీ యజమానిని అందరూ ప్రెసిడెంటుగారు అనేవారు. ఎప్పుడో ఒకసారి సొసైటీకి ప్రెసిడెంటుగా చేశారు. పదవి పోయినా పిలుపు ఉండిపోయింది. జీడిమామిడి అంట్లు, సరుగుడు నారు, కొబ్బరి మొక్కలు పెంచి శ్రీకాకుళం వైపు, గోదావరి వైపు ఉన్న డీలర్లకి పంపేవారు. నిజానికి ఆ నర్సరీ మొదలుపెట్టింది ఆయన తల్లి. ఇంటి ముందు పందిరేసి, కవర్లలో మట్టి నింపి జీడిపిక్కలు పాతడంతో మొదలైందట. నేను చేరేనాటికి ఆవిడకి డెబ్బై దాటాయి. అయినా రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చి, వరసల మధ్య వంగి, ఒక్కో మొక్కనీ పిల్లాడి నుదురు చూసినట్టు తాకి చూసేది. పనివాళ్ళు ఆవిణ్ణి పెద్దమ్మగారు అనేవారు.

వానాకాలం నాట్ల రోజుల్లో రోజూ సాయంత్రం రెండు మూడు లారీలు కదిలేవి. ఒక్కో లారీ దారి పొడవునా ఐదారు ఊళ్ళలో మొక్కలు దించుకుంటూ పోయేది. ఏ లారీ, ఎన్ని మొక్కలు, ఎన్ని గంటలకి చేరుతుంది అన్న కబురు ముందే డీలర్లకి అందాలి. లేకపోతే దించుకోవడానికి మనుషులుండరు. అంతకు ముందు ఈ కబురంతా ఫోన్లో అరిచి చెప్పేవారు. విశాఖపట్నంలో ఒకాయన చేత ప్రెసిడెంటుగారు కొత్తగా ఒక ప్రోగ్రాం రాయించారు. లారీ లోడు వివరాలు నేను కొడితే చాలు, కంప్యూటరే ఫోన్ లైనుకి తగిలించిన మోడెం ద్వారా విశాఖపట్నానికి డయల్ చేసి, ఒక్కో డీలరుకీ ఒక్కో ఈమెయిల్ పంపేస్తుంది. డీలర్లు తమ ఊళ్ళో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి చూసుకునేవారు. మొదటి నెల్లాళ్ళూ ఒక టీ తాగేలోపు పదహారు ఉత్తరాలు వెళ్ళిపోయేవి. ప్రెసిడెంటుగారు చుట్టాల్ని వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులు విప్పించి, నిలబెట్టి చూపించేవారు. వాళ్ళకి అందులో కనిపించేదేమీ లేదు. మోడెం కీచుమనడం వినిపించేది, అంతే. దానికే తలలూపేవారు.

అంతటితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. ఒకరోజు ఆయన్ని సంతోషపెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. "ఉత్తరం పైన పెద్దమ్మగారి ఫొటో వేస్తే గౌరవంగా ఉంటుందండి" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ ఆలోచన నాకు రానేదు సూడు" అన్నారు. మర్నాడే ఆవిడ ఫొటో ఫ్రేమును తువ్వాలులో చుట్టుకుని బస్సులో విశాఖపట్నం తీసుకెళ్ళాను. స్కానింగ్ చేసే షాపాయన "చిన్నదిగా చెయ్యనా, పెద్దదిగానా?" అని అడిగాడు. "ఆవిడ పెద్దావిడండి, పెద్దదే చెయ్యండి" అన్నాను. బొమ్మ ఒక ఫ్లాపీకి బొటాబొటిగా సరిపోయింది. "ఫ్లాపీ నిండిపోయింది బాబూ" అని ఆయన చెప్పినప్పుడు, ఆ మాటలో ఒక హెచ్చరిక ఉందని నాకు తోచలేదు. ఆవిడ ఠీవికి తగ్గట్టే ఉందనుకున్నాను.

బొమ్మ ఎక్కించిన రోజు నుంచే ఉత్తరాలు కదలడం మానేశాయి. ఒక్కోదానికి పావుగంట. పదహారు వెళ్ళేసరికి నాలుగు గంటలు. అప్పటికి డీలర్ల ఊళ్ళలో ఇంటర్నెట్ సెంటర్లు మూసేసేవారు. దురదృష్టం ఏమిటంటే సరిగ్గా ఆ వారమే వాన పట్టుకుంది. వానకి టెలిఫోన్ లైన్లో గరగర మొదలైంది. దోషి దొరికాక ఇంకెవరినైనా అనుమానించాల్సిన పనేముంది? మోడెం తడికి చల్లబడిందేమోనని పీట మీద పెట్టాను. వైరు మార్చాను. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వేశాను, తర్వాత పావుగంటకోసారి అలా చేస్తూనే ఉన్నాను. విశాఖపట్నం ఆయనకి ఫోన్ చేస్తే "లైన్ చూసుకోండి" అన్నాడు. పెద్ద చదువు చదివినాయన కూడా నా మాటే అన్నాడని పొంగిపోయాను. బొమ్మ ఎక్కించిన సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు.

మా వైపు లైన్లు చూసే లైన్‌మేన్‌ని ఊళ్ళో 'గంటలో బాబాయి' అనేవారు. ఏ ఫోన్ చెడిపోయిందని చెప్పినా "గంటలో వస్తాను బాబూ" అనేవాడు. విచిత్రమేమిటంటే గంటలో వచ్చేసేవాడు కూడా. ఆ వానలో మా కోసం నాలుగుసార్లు వచ్చాడు. రెండు స్తంభాలెక్కాడు, గోడ మీది పాత తీగంతా తీసి కొత్తది లాగాడు. ఆ గరగర కాస్తా పోయింది. ఉత్తరం మాత్రం పావుగంటకి ఒక్కటే.

"లైన్ శుభ్రంగా ఉంది బాబూ. నా మాట ఎక్సేంజిలో ఇనిపిస్తంది, ఆల్ల మాట నాకు ఇనిపిస్తంది. ఇంకేటి సెయ్యాలి సెప్పు" అన్నాడు.

"మాటలు వేరు బాబాయి, కంప్యూటర్ వేరు. నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి కొంచెం వెనకాడుతోంది. ఆయన వయసు అప్పటికి యాభై ఐదు. స్తంభాలెక్కి తడిసిన బట్టలతో, విప్పిన చెప్పుల పక్కన నిలబడి ఉన్నాడు.

ఆ మర్నాడు పలాస నుంచి డీలరు ఫోన్ చేశాడు. జీడిమామిడి అంట్ల లారీ తెల్లవారకముందే చేరిందట. దించుకునేవాళ్ళు లేక డ్రైవరు మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, విసుగొచ్చి, వాన జాడే లేని ఆ ఊళ్ళో రోడ్డు పక్క ఎండలో దించేసి పోయాడట. "మీ ఉత్తరం మొక్కలు వాడిపోయేక వచ్చింది. అది కూడా ముందు తల కనిపించింది, తర్వాత కళ్ళు కనిపించేయి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి సెంటరోడు టైమైపోయిందన్నాడు" అని ఆయన చెప్పిన మాటలు ప్రెసిడెంటుగారు నాకు వినిపించారు. ఆయన ముఖం ఎర్రగా ఉంది.

"ఏటిది? ఎవరి తప్పు?"

"లైన్ అండి."

అప్పటికప్పుడు టెలిఫోన్ అధికారికి ఫిర్యాదు రాయమన్నారు. నేను డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషులో రాశాను. లైన్‌మేన్‌ది 'ఘోరమైన నిర్లక్ష్యం' అన్న మాట నాకు చాలా నచ్చి రెండుచోట్ల వాడాను. అది అనకాపల్లి వెళ్ళింది.

నాలుగు రోజుల తర్వాత గంటలో బాబాయి ఎవరూ పిలవకుండానే వచ్చాడు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. "ఏటో ఇంగ్లీషులో ఇచ్చేరు బాబూ. నువ్వు సదువుకున్నోడివి, సదివి సెప్పు" అన్నాడు. తీసి చూస్తే అది మెమో. నా ఫిర్యాదులోని వాక్యాలే అచ్చుగుద్దినట్టు ఎత్తి రాసి, వారం లోపు సంజాయిషీ ఇవ్వమన్నారు. నా ఇంగ్లీషు నా చేతికే తిరిగొచ్చింది.

"ఏటి రాసేరు?"

"పనిలో... కొంచెం శ్రద్ధ తగ్గిందని రాశారు బాబాయి."

"కొంచెవేనా? ఇంత పెద్ద కాయితం ఉంది."

నేను కాగితాన్ని మళ్ళీ మడతల మీదే మడిచాను. ఆయన కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "మూడేళ్ళలో రిటైరైపోతాను. ఇన్నాళ్ళూ ఒక్క మెమో నేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. తర్వాత సంచిలోంచి లైన్లు పరీక్షించే తన చేతి ఫోన్ తీసి మా లైన్‌కి తగిలించి, "ఇప్పుడు ఒక్క ఉత్తరం పంపు బాబూ. నేను ఇంటాను" అన్నాడు.

పంపాను. మోడెం కీచుమంది. ఆయన గోడకి ఆనుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఐదు నిమిషాలైంది. పదైంది.

"ఇది ఒక్క ఉత్తరవేనా?"

"ఒక్కటే."

"ఎన్ని లైన్లుంది?"

"నాలుగు."

"నేను ముందర టెలిగ్రాం ఆఫీసులో చేసేను బాబూ. నాలుగు మాటలు టక్కున ఎల్లిపోయేవి. ఇది నాలుగు లైన్ల కూత కాదు. ఇంకేదో బరువు మోస్తంది. ఓపాలి ఆ ఉత్తరం సూపించు."

చూపించడానికి ఉత్తరం తెరిచాను. తెర మీద పైనుంచి కిందికి, నెమ్మదిగా, పెద్దమ్మగారు దిగి వచ్చింది. పాపిట, కళ్ళు, ముక్కుపుడక. అడుగున ఎక్కడో నాలుగు లైన్లు. పదహారు ఉత్తరాలకీ పదహారుసార్లు, ఒక ఫ్లాపీ నిండా ఉన్న బొమ్మని ఆ సన్నటి తీగలోంచి నేనే లాగిస్తున్నానని ఆ క్షణంలో అర్థమైంది. చెవులు వేడెక్కాయి. "చూస్తాను బాబాయి" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళగానే బొమ్మ తీసేశాను. పదహారు ఉత్తరాలూ పది నిమిషాల్లో వెళ్ళిపోయాయి. (మరమ్మతు విషయానికొస్తే ఇంతే. ప్రోగ్రాంలో ఒక్క లైను చెరిపేశాను. తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నో చోట్ల ఎన్నో చెడిపోయినవి బాగుచేశాను గానీ, ఇంత సులువుగా బాగై, బాగైనందుకు ఇంత భయపెట్టింది ఇంకొకటి లేదు.) సాయంత్రం ప్రెసిడెంటుగారు వచ్చి చూసి తృప్తిగా నవ్వారు. "సూసేవా? మెమో ఇస్తే గానీ లైన్ బాగవనేదు. ఆ ఆఫీసరుకి మెచ్చుకుంటూ ఇంకో ఉత్తరం రాయి. ఇలాటోళ్ళని ఒదలొద్దని రాయి" అన్నారు.

ఆ ఉత్తరం నేను మూడు రోజులు రాయలేదు. మొదటి రోజు ప్రింటరు రిబ్బన్ అయిపోయిందన్నాను. రెండో రోజు కాగితం ఇరుక్కుందన్నాను. మూడో రోజు ఆయనే నన్ను షెడ్డులోకి పిలిచారు. పలాస నుంచి వెనక్కి వచ్చిన అంట్లని అక్కడ వరసగా పెట్టారు. పెద్దమ్మగారు వాటి ముందు కూర్చుని, ఎండిన చిగుళ్ళు గిల్లేస్తోంది.

"ఇయ్యెందుకిలగైపోయేయిరా?" అని కొడుకుని అడిగింది.

"టెలిఫోనోల్ల వల్లమ్మా. కబురు ఆలీసంగా ఎల్లింది. ఆ లైన్‌మేన్‌కి మెమో ఇప్పించేను."

"కాదండి" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట వచ్చేసింది. "ఉత్తరం మీద పెద్దమ్మగారి బొమ్మ వల్లండి. బొమ్మ చాలా పెద్దది. అదెళ్ళడానికే పావుగంట పట్టింది. లైన్ బాగానే ఉంది. తప్పు నాది."

ఆవిడ చిగుళ్ళు గిల్లడం ఆపింది. "నా బొమ్మేటి?"

ఆవిడ బొమ్మ ఊరూరా తిరుగుతోందని ఆవిడకి ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. ప్రెసిడెంటుగారు నసుగుతూ చెప్పారు.

"నన్నడక్కండా పదారూళ్ళు తిప్పుతన్నారేటి మీరిద్దరూ?"

"గౌరవానికే అమ్మా."

"నాకు గౌరవవేటిరా, మొక్కలు సస్తంటే. తీసీండి అది."

"తీసేశానండి. మూడు రోజులైంది" అన్నాను.

"మరి ఆ లైనాయనకి సెప్పేరా?"

"లేదండి" అన్నాను. ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగారు. "మూడ్రోజులు ఏటి సేసేవు?"

"భయపడ్డానండి."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం "రాయి. మన ఆఫీసులోదే తప్పని రాయి. నేను సంతకం పెడతాను, నువ్వే పట్టుకెళ్ళి ఇయ్యి" అన్నారు. ఈసారి డిక్షనరీ అవసరం పడలేదు, తెలుగులో రాశాను. అనకాపల్లి బస్సులో దారంతా అధికారి ఏమంటారోనని మాటలు కూడబలుక్కున్నాను. ఆయన చదివి, ఫైల్లో పెట్టి, "సరే, మెమో వెనక్కి తీసుకుంటాం" అని మళ్ళీ తన పనిలో పడిపోయారు. నా జీవితంలో అంత పెద్ద ఘట్టం అర నిమిషంలో అయిపోయింది.

తిరిగి వచ్చేసరికి గంటలో బాబాయి రోడ్డు పక్క టెలిఫోన్ డబ్బా తలుపు తీసి, కింద కూర్చుని తీగలు కలుపుతున్నాడు. పక్కనే గొంతుక్కూర్చుని అంతా చెప్పాను. ఫిర్యాదు రాసింది నేనేనని కూడా చెప్పాను.

"నాకు తెలుసు బాబూ" అన్నాడు చెయ్యి ఆపకుండా.

"ఎలా?"

"ఆ బొమ్మ దిగినప్పుడు నేను నీ మొగం సూసేను."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"సెప్తావేమోనని సూసేను." ఇంకో తీగ అందుకుని కొన ఒలిచాడు. "సెప్పేవు కదా. అది సరే, బొమ్మ తీగలో ఎలగ ఎల్తాది బాబూ? కాయితం నేదు, రంగు నేదు."

సంతోషంగా మొదలుపెట్టాను. బొమ్మ ముక్కలవుతుందన్నాను, ముక్కలు అంకెలవుతాయన్నాను, అంకెలు కూతలవుతాయన్నాను. ఎలాగని అడిగాడు. అక్కడ ఆగిపోయాను. ఆయన వెటకారం చెయ్యలేదు. తలెత్తి, నిజంగానే తెలుసుకోవాలని చూస్తున్నాడు.

"మిగతాది రేపు చెప్తాను బాబాయి" అన్నాను.

మర్నాడు అందరికంటే ముందే ఆఫీసుకి వెళ్ళాను. మోడెంతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం బీరువా మీద ఉంది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. దుమ్ము దులిపి, కవరు చించి, మొదటి పేజీ తెరిచాను. పనివాళ్ళు వచ్చి మొక్కలకి నీళ్ళు పెట్టడం పూర్తి చేసేదాకా, ఆ సర్టిఫికెట్టు పొందిన నిపుణుడు అదే పేజీలో వేలు పెట్టుకుని కూర్చున్నాడు.