తుడిచేసిన బొట్టు

అప్పట్లో తణుకులో డిగ్రీ చదువుతున్నాను. నా పాత కంప్యూటర్లో కొత్త గేములు నడిచేవి కావు. దాని బోర్డుకి కొత్త గ్రాఫిక్స్ కార్డులు పట్టవని కంప్యూటర్ షాపాయన ఒక సెకండ్ హ్యాండ్ కార్డు ఇచ్చాడు. దాని ఫ్యాన్ మీద ఎండిన కుంకుమ బొట్టు కనిపిస్తే, శుభ్రంగా తుడిచేసి బిగించాను.

మర్నాడు షాపాయన్ని అడిగి, ఒక పెద్దాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

"ఆ కార్డు మా అబ్బాయిదండి. వాడు పోయాక అమ్మేశాను. అది కొన్న రోజున వాళ్లమ్మ దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టింది. ఇప్పుడు ఆవిడా లేదు. ఒక్కసారి ఆ బొట్టు చూసి వెళ్లిపోతాను బాబూ."

"లోపలుందండి, విప్పితే పాడవుతుంది" అన్నాను.

ఆయన కంప్యూటర్ క్యాబినెట్ మీద చెయ్యి వేసి, "పోనీలెండి, ఉంది కదా!" అన్నారు.

ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది. కార్డు మాత్రం దాచాను. ఏటా దసరాకి దానికి బొట్టు పెడతాను. అది ఆవిడ పెట్టింది కాదని కార్డుకీ తెలుసు, నాకూ తెలుసు.